బియ్యం డ్రమ్ములో పచ్చజెండా

పది నిమిషాలకి సరిపడా ధైర్యం కూడగట్టుకుని వచ్చింది లహరి. రైల్వేవాళ్ళేమో ఇంకో యాభై నిమిషాలు అడిగారు. యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దీజియే అంటూ మైకులో ఆ ఆడగొంతు తీరిగ్గా, ఎవరి కొంపా మునగనట్టు, విశాఖపట్నం వెళ్ళే బండి యాభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోందని చెప్పి ఊరుకుంది. స్టేషనుకి రావడం, బోగీ వెతుక్కోవడం, కిటికీలోంచి చెయ్యి పట్టుకోవడం, వదిలెయ్యడం, ఇంతవరకూ మనసుకి వైద్యం చేసే పూర్ణిమ గారి గదిలో కళ్ళు మూసుకుని నాలుగుసార్లు నడిచి చూసుకుంది. ఆ నాలుగుసార్లూ బండి టైముకే వచ్చింది. మనసులో నడిపే బళ్ళు లేటవ్వవు కదా. ఇప్పుడు ఈ సిమెంటు బెంచీ మీద, సాయంత్రం నాలుగున్నర ఎండలో, మొగుడి పక్కన కూర్చుని యాభై నిమిషాలు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. యుగంధర్ మాత్రం ఒళ్ళు విరుచుకుని, "చాయ్ పట్టుకొస్తానుండు, ఇక్కడిది నీళ్ళలా ఉంటుంది, బ్రిడ్జి అవతల బాగుంటుంది" అని లేచి వెళ్ళిపోయాడు. బ్యాగు బెంచీ మీదే ఉంది. జిప్పు సగం తెరిచే ఉంది.

లహరి ఆ సగం జిప్పు వంక చూసింది. ఆయన లెక్కపెట్టలేదు. ఆరేళ్ళ కాపురంలో గుమ్మం దాటే ముందు ఆయన జేబులు తడుముకోని రోజు లేదు, పర్సు, ఫోను, తాళాలు, గేటుపాసు, కళ్ళజోడు, అయిదూ వరసగా, పెళ్ళాం కళ్ళలోకి చూడకుండా. పాపం, చూస్తే నొచ్చుకుంటుందని. ఆయన ఎక్కడికైనా బయల్దేరితే చాలు, లహరి చెయ్యి ఆయన వస్తువొకటి ఎత్తి ఎక్కడో పెట్టేసేది. మొదట్లో అది సరసమనుకున్నాడు. కొత్త పెళ్ళికూతురు ఒక కాలి మేజోడు దాచి పెడితే ఎవడికి ముద్దు రాదు? రెండో ఏడు బండి తాళం ఫ్రిజ్ వెనక దొరికింది. మూడో ఏడు ఫ్యాక్టరీ గేటుపాసు పప్పుల డబ్బా కింద. పోయినప్పుడల్లా ఆవిడ కూడా ఆయనతో పాటే వెతుకుతూ ఉండేది, అదీ విచిత్రం, నిజంగానే కంగారుపడుతూ. దాచానని తెలుసు, తెలియనట్టూ ఉండేది. ఒకటి మాత్రం ఖాయం. ఆయన వస్తువు ఒకటి ఇంట్లో ఉండిపోయిన రోజున ఆవిడ గుండె కుదురుగా కొట్టుకునేది, ఆ వస్తువు కోసమైనా వస్తాడు కదా అని. మొగుడు తనకోసం వస్తాడన్న ఆలోచన ఆ మనిషికి తట్టేది కాదు.

పోహా, గరమ్ పోహా అని ఒకతను అటుకుల ఉప్మా తట్ట నెత్తిన పెట్టుకుని పోతున్నాడు. ఉల్లిపాయల వాసన. ఎదురు ప్లాట్‌ఫారం మీద ఒకావిడ కూతురికి జడ వేస్తోంది, ఆ పిల్ల బిస్కెట్టు తింటూ తల తిప్పేస్తోంది. ఎక్కడో గూడ్సు బండి కూత. ఆ కూత వినగానే లహరి చెవులు మూసుకుంటుంది, ఎనిమిదో ఏటి నుంచీ అంతే. ఇవాళా చేతులు లేచాయి గానీ చెవులదాకా పోలేదు. బ్యాగులో పైకి కనబడుతున్నది నీలం రంగు ఫైలు. అందులో కంపెనీ ఇచ్చిన కాయితం ఉంది, మూడు నెలల ట్రైనింగు, విశాఖలో కొత్త మిషను నేర్చుకుని రావాలి, ఆ కాయితం లేకపోతే అక్కడ గేటు దగ్గరే ఆపేస్తారు. తీసి, బెంచీ మీద ఎవరో వదిలేసిన ఈ పేపరు కింద పెడితే చాలు. ఎవరూ చూడరు. మూడు నెలలు. తొంభై రెండు రోజులు. చెయ్యి అప్పటికే ఫైలు అంచు మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు, దాని పాటికది వెళ్ళింది, అలవాటు పడిన పశువు కొట్టంలోకి నడిచినట్టు.

అలాగే వెళ్ళింది ఆ రోజున కూడా, పర్సు మీదికి. బొబ్బిలిలో మామగారికి బాగాలేదని ఫోనొచ్చింది, పొద్దున్న బండికి వెళ్ళాలి, పర్సు లేదు. రెండు గంటలు వెతికారు ఇద్దరూ. మంచం కింద, బీరువాలో, మాసిన బట్టల్లో. కందిపప్పు డబ్బా వెనక ఉందని లహరికి తెలుసు, నోరు పెగల్లేదు. చెప్పేస్తే ఈయన వెళ్ళిపోతాడు, వెళ్ళినవాడు రాడు, ఆ క్షణంలో ఆవిడ బుర్రలో ఉన్నది అంతే. బండి వెళ్ళిపోయింది. డబ్బా వెనక పర్సు చివరికి ఆయనకే దొరికింది, తరవాతి బండి పట్టుకుని వెళ్ళేసరికి దహనం అయిపోయింది. వాళ్ళమ్మతో బండి తప్పిపోయిందన్నాడు, పర్సు మాట ఎవరికీ చెప్పలేదు. తిరిగొచ్చాక అరిచినా బాగుండేది, ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండేదేమో అని లహరి అనుకున్న రోజులున్నాయి. ఆయన కుర్చీలో కూర్చుని, "నాకు నీ మీద కోపం లేదు లహరీ, నువ్వంటే భయమేస్తోంది" అన్నాడు. మర్నాడు ఫ్యాక్టరీ దగ్గర బీర్‌గావ్‌లో గది తీసుకున్నాడు. పోనీకుండా పట్టుకోవాలని చూసి చూసి, చేతులారా పంపించేసింది మనిషిని.

ఫైలు మీంచి చెయ్యి తీసి, రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా వేసుకుంది. కుడిచెయ్యి ఎడమ భుజం మీద, ఎడమచెయ్యి కుడిభుజం మీద. కొంచెం చలేసినదానిలా. చూసేవాళ్ళకి అలాగే ఉంటుంది, నలభై డిగ్రీల ఎండలో చలేమిటని ఎవరైనా అడిగితే చెప్పలేం గానీ. కుడి, ఎడమ, కుడి, ఎడమ, వేళ్ళతో మెల్లిగా తట్టుకోవడం. ఆయన బీర్‌గావ్ వెళ్ళిపోయాక పూర్ణిమ గారు నేర్పింది. తెలీబంధా చెరువుకి ఎదురుగా, మందుల షాపు పైన మేడ మీద గది, కిటికీలోంచి నీళ్ళూ, నీళ్ళ చుట్టూ నడిచే జనమూ కనబడేవి. మొదటిరోజు ఆవిడ లహరి రెండు పిడికిళ్ళలోనూ రేగుపండంత బిళ్ళలు పెట్టింది, అవి ఒకదాని తరవాత ఒకటి గుర్రుమంటాయి, కుడి, ఎడమ, కుడి, ఎడమ. అవి అలా మోగుతుంటే పాత సంగతిని కళ్ళముందు పెట్టుకుని చూడాలట. లహరికి నవ్వొచ్చింది. సెల్‌ఫోను వణికినట్టు వణికే బిళ్ళకి ఇరవై నాలుగేళ్ళ గుబులు పోతుందా? పదికి ఎంత ఉంది బాధ, అని హిందీలో అడిగింది పూర్ణిమ. తొమ్మిది అంది లహరి, పది అంటే ఆసుపత్రిలో పెట్టేస్తారేమోనని. ఆవిడ చిన్నగా నవ్వి, చిన్నప్పుడు ఆ మాటలు ఏ భాషలో విన్నావో ఆ భాషలోనే చెప్పు, నాకు అర్థం కానక్కర్లేదు, నీకు వినబడితే చాలు, అంది. ఆ గదిలో, తెలుగు ముక్క రాని మనిషి ఎదురుగా, లహరి మొదటిసారి తెలుగులో ఏడ్చింది.

రైల్వే కాలనీ. కొత్త రాష్ట్రం వచ్చిన వారం. ఊరంతా లైట్లు, బ్యాండు మేళాలు, ఛత్తీస్‌గఢ్ అనే మాట నోరు తిరక్క పిల్లలంతా ఒకరినొకరు ఏడిపించుకుంటున్నారు. నాన్న నూకరాజు గూడ్సు బండి గార్డు. సాయంత్రం జైస్తంభ్ చౌక్‌కి తీసుకెళ్ళి లైట్లు చూపిస్తానన్నాడు. ఎనిమిదేళ్ళ లహరి మధ్యాన్నం నుంచీ గౌను వేసుకుని కూర్చుంది. నాలుగింటికి డ్యూటీ పిలుపొచ్చింది. నాన్న డ్యూటీ సంచీ వరండాలో మేకుకి ఉంటుంది, అందులో విజిలూ, టార్చీ, చుట్టిపెట్టిన రెండు జెండాలూ. ఎర్రజెండా చూపిస్తే బండి ఆగుతుంది, పచ్చజెండా ఊపితే కదులుతుంది. కాలనీలో పాలు తాగే పిల్లకైనా తెలిసిన సంగతి. అంటే పచ్చజెండా లేకపోతే బండి కదలదు. బండి కదలకపోతే నాన్న ఇంటికొచ్చేస్తాడు. ఇంత తేలిక లెక్క పెద్దవాళ్ళకెందుకు తట్టలేదో అనుకుని, జెండా తీసి బియ్యం డ్రమ్ములో మోచేతిదాకా తోసి, పైన బియ్యం సర్దింది. నాన్న సంచీ చూసుకున్నాడు. ఇల్లంతా తిరగేశాడు. గిన్నెలు విసిరాడు. "ఈ కొంపలో ఉంటే నా ఉద్యోగం ఊడిపోద్ది" అని అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. లహరి వరండాలో గౌనుతో కూర్చుని ఎదురుచూసింది. కాసేపటికి గూడ్సు బండి కూత వినబడింది, చక్రాల చప్పుడు మొదలైంది, దూరమైంది. జెండా లేకుండా బండెలా కదిలిందో పిల్లకి అర్థం కాలేదు. నాన్న మళ్ళీ రాలేదు. ఎక్కడో బిలాస్‌పూర్ వైపు వేరే ఇల్లు పెట్టాడని కొన్నేళ్ళకి తెలిసింది, ఇంకొన్నేళ్ళకి పోయాడని తెలిసింది. నాలుగోరోజున బియ్యం తియ్యబోతే అమ్మ చేతికి పచ్చగుడ్డ తగిలింది. అమ్మ దాన్ని చూసింది, పిల్లని చూసింది. "ఒలే, నువ్వా! నీ వల్లేనే ఎల్లిపోనాడు" అంది. ఒక్కసారే అంది. ఆ తరవాత ఆ పచ్చగుడ్డ మీద నాలుగేళ్ళపాటు అప్పడాలు ఎండబెట్టింది పైడమ్మ, గట్టి గుడ్డ, పారేస్తే ఏమొస్తుంది. మాట కూడా అలాగే ఇంట్లో ఉండిపోయింది, అమ్మకి గుర్తులేకుండా, పిల్లకి మరుపులేకుండా.

ఆ వరండాలోకి పూర్ణిమ ఆవిణ్ణి వారం వారం తిరిగి పంపింది. చూడు, ఏం కనబడితే అది కనబడనీ, నువ్వేం చెయ్యక్కర్లేదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మొదట్లో జెండా తప్ప ఏమీ కనబడేది కాదు. తరవాత గౌను కనబడింది, దాని మీద పసుపు పువ్వులు. పిల్ల మోచేతికి అంటుకున్న తవుడు. ఆరో వారమో ఏడో వారమో, జెండా తియ్యడానికి పిల్ల పీట వేసుకుని ఎక్కుతుంటే, సంచీ మేకు పక్కన ఇంకో మేకు కనబడింది. వట్టి మేకు. కుళాయికి ఎదురుగా. దాని కింద గోడ మీద గుండ్రంగా, సున్నం పోని తెల్లటి మచ్చ. అక్కడ నాన్న గడ్డం గీసుకునే అద్దం ఉండాలి. రోజూ పొద్దున్నే ఆ అద్దంలో నురగ మొహంతో కన్ను కొట్టేవాడు. జెండా ఇంకా సంచీలోనే ఉంది, పిల్ల చెయ్యి ఇంకా దానిదాకా పోలేదు, అద్దం అప్పటికే లేదు. లహరి పిడికిళ్ళు విప్పేసింది. బిళ్ళలు కిందపడి అక్కడే గుర్రుమంటున్నాయి. "అద్దం," అంది, "అద్దం ముందే పట్టుకెళ్ళిపోయాడు." పూర్ణిమకి అద్దం అనే మాట అర్థం కాలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, పదికి ఎంత, అనడిగింది. లహరి చెప్పలేకపోయింది. లెక్క తప్పింది, ఇన్నేళ్ళ లెక్క. మనసు కావాలని అద్దం తీసేసి తనకి తానే చూపించుకుంటోందేమో అన్న అనుమానమూ వచ్చింది. పూర్ణిమ కూడా నమ్మమనలేదు, నమ్మొద్దనలేదు, తెలిసినవాళ్ళు ఉన్నారా అని మాత్రం అడిగింది.

తెలిసిన మనిషి ఇంట్లో గోంగూర ఒలుస్తోంది. ఆదివారం పొద్దున్న, చాప మీద ఇద్దరూ ఎదురెదురుగా. అడగడానికి లహరికి సగం కట్ట పట్టింది. "నీ వల్లే వెళ్ళిపోయాడన్నావమ్మా నన్ను." పైడమ్మ తల ఎత్తింది. "నానా? నానలాగనీసినానేటే?" "అన్నావు." ముసలావిడ చేతిలో ఆకు ఒళ్ళో పడేసింది. తరవాత మెల్లిగా అంది. "జెండా కోసం ఏ మగోడైనా పెళ్ళాంబిడ్డల్ని ఒదిలీసి ఎల్లిపోతాడేటే, పిచ్చిముండా? టేసన్లో ఇంకోటి ఇచ్చినారు, ఊపుకుంటా పోనాడు. ఆడు దీపావళికి ముందే అద్దం ఇప్పుకుని పట్టుకెల్లిపోనాడు. అద్దం ఎల్లిన్నాడే నాకు తెలిసిపోనాది. గుంటవి, నీకెలాగ సెప్పనే?" అని, ఆకులన్నీ ఒళ్ళోంచి దులిపేసి, కూతురి తల పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నోరు జారినానే. నాను మర్సిపోనాను గానీ నువ్వు మర్సిపోలేదే." ఆ రోజు ఇంట్లో గోంగూర వండలేదు. లహరి మంచం మీద పడి పొద్దుగూకేదాకా నిద్రపోయింది, ఇరవై నాలుగేళ్ళ బాకీ నిద్ర. లేచాక బీర్‌గావ్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పింది, అద్దంతో సహా. యుగంధర్ విన్నాడు. మరుసటి గురువారం పూర్ణిమ గదికి తనూ వచ్చి, ఇద్దరి మధ్యా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. నాలుగు గురువారాలు వచ్చాడు. ఒకరోజు అక్కడే, వాళ్ళ నాన్న మాట వచ్చినప్పుడు, ఏడ్చాడు కూడా, అదీ అవసరమే. ఐదో గురువారం పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు. పూర్ణిమ పెట్టిన షరతు ఒకటే, చెయ్యి పనిలోకి దిగాలని చూసినప్పుడు నోటితో చెప్పెయ్యాలి.

బ్రిడ్జి మెట్లు దిగి వస్తున్నాడు, రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులు, కాలు ఎక్కడ పడుతుందో చూసుకుంటూ, నాలిక కొంచెం బయటపెట్టి, చిన్నపిల్లాడిలా. బ్యాగు వంక చూడలేదు. లహరి మొహం వంక చూశాడు.

"ఏమండీ," అంది, కప్పు అందుకోకుండానే. "మీ ఫైలు మీద చెయ్యేశాను. తియ్యలేదు."

యుగంధర్ కప్పు ఆవిడ చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. ఫైలు తడుముకోలేదు. "పదికి ఎంత?" అన్నాడు.

"ఆరు. ఇందాక ఎనిమిది."

"చాయ్ తాగు, ఇంకోటి తగ్గుద్ది. అల్లం దంచి వేయించాను."

తాగింది. నిజంగానే తగ్గింది, అల్లం వల్లనో మరెందువల్లనో. ఎదురు ప్లాట్‌ఫారం మీద జడ అయిపోయింది, ఆ పిల్ల ఇప్పుడు వాళ్ళమ్మకి జడ వేస్తానని పేచీ పెడుతోంది. ఆయన మోచెయ్యి ఈవిడ మోచేతికి ఆనుకుని ఉంది. వెళ్ళిపోయే మనిషి మోచెయ్యి ఇంత బరువుగా, ఇంత తీరిగ్గా ఆనుతుందని లహరికి ఇన్నాళ్ళూ తెలియదు, ఎందుకంటే వెళ్ళే ముందు ఆయన పక్కన ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు, ఏదో ఒకటి వెతుకుతూనే ఉంది. ఈ యాభై నిమిషాలు ఎక్కువైపోయాయని తిట్టుకున్నది తనేనా? ఇంకో పది నిమిషాలు లేటయితే మాత్రం ఏం పోయింది? అనుకుంటూండగానే బండి వచ్చేసింది, రైల్వేవాళ్ళకి ఎప్పుడు ఏం చెయ్యాలో ఎప్పుడూ తెలియదు.

బోగీ దొరికింది. సీటు దొరికింది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి వచ్చింది, పట్టుకుంది, వదిలింది. బండి కదిలింది. ఇదివరకైతే ఇక్కడ తల తిప్పేసేది, బండి తోక చూడకూడదని ఆవిడకొక నియమం. ఇవాళ నిలబడింది. బోగీలు ఒకటొకటే దాటుతున్నాయి, పోహా వాసన, ఇనుము వాసన, కుడి, ఎడమ, చక్రాల చప్పుడు కూడా అలాగే ఉంది, ఇన్నేళ్ళూ గమనించనేలేదు. ఆఖరి బోగీ వచ్చింది. తలుపు దగ్గర గార్డు నిలబడి ఉంది. అవును, ఆడమనిషే, తెల్ల చొక్కా, బిగించి వేసిన ముడి, లహరి ఈడే ఉంటుందేమో. బయటికి చాపిన చేతిలో పచ్చజెండా. అది గాలికి రెపరెపలాడుతోంది, మామూలు గుడ్డ, ఎండకి కాస్త వెలిసింది, అప్పడాలకి బాగా పనికొస్తుంది. లహరికి నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. చెయ్యెత్తి ఊపింది, మొగుడికి కాదు, గార్డుకి. ఆవిడ ఎవరో తెలిసినవాళ్ళనుకుందేమో, జెండా కొంచెం ఎక్కువగా ఊపింది. వెళ్ళు తల్లీ, అనుకుంది లహరి మనసులో, ఆ వెళ్ళు అన్నది గార్డుకో, బియ్యంలో మోచేతిదాకా చెయ్యి పెట్టిన పిల్లకో.

ఫుట్‌బ్రిడ్జి సగం ఎక్కేసరికి ఫోను మోగింది. యుగంధర్.

"లహరీ, నా షేవింగ్ సెట్టు లేదు."

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చెయ్యి తనకి తెలియకుండా పని చేసిందా? నిన్న బట్టలు సర్దినప్పుడా? పొద్దున్నా? వెనక నుంచి కూలీ ఒకతను హటియే హటియే అని తోసుకుంటూ పోయాడు. పప్పు డబ్బా వెనక, ఫ్రిజ్ వెనక, బియ్యం డ్రమ్ములో, బుర్ర ఇల్లంతా పరిగెత్తి వెతికొచ్చింది. ఎక్కడా లేదు.

"నేను తియ్యలేదండీ," అంది.

"అరే, నువ్వు తీశావని ఎవడన్నాడు? పొద్దున్న గడ్డం గీసుకుని అద్దం దగ్గరే వదిలేశాను. నేనే మర్చిపోయాను." ఆయన వెనక ఎవరో పిల్లలు గోల చేస్తున్నారు. "పంపక్కర్లేదు, అక్కడ ఒకటి కొనుక్కుంటాలే. చూస్తే మళ్ళీ కంగారుపడతావని చెప్పానంతే."

నేనే మర్చిపోయాను. మనుషులు వస్తువులు మర్చిపోతారు. ఎవరూ దాచకుండానే, ఎవరి తప్పూ లేకుండానే, ఊరికే మర్చిపోతారు. ఇంత చిన్న సంగతి. లహరి రెయిలింగ్ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఆగలేదు.

"అద్దమో?" అంది, నవ్వు మధ్యలో, అడుగుతున్నానని తెలియకుండానే.

"గోడకున్న అద్దం ఎక్కడికి పోద్దే..." అనబోయి ఆగాడు. తరవాత ఆయన గొంతు మారింది. "ఉంది లహరీ. మేక్కే ఉంది. ఇంటికెళ్ళి చూసుకో."

లహరి కళ్ళు తుడుచుకుని, బ్రిడ్జి దాటి మెట్లు దిగింది. బయట ఆటోవాళ్ళు చుట్టుముట్టారు, కహా జానా హై దీదీ, కహా జానా హై. ఇంటి పేట చెప్పి ఎక్కి కూర్చుంది. "ఆరామ్ సే చలో భయ్యా," అని మెల్లిగా పోనిమ్మంది, "జల్దీ నహీ హై."